ఒరుల యింటికి చేయిసాయము

(మన గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున, ఖైరతాబాదునందు నివసించు మన గ్రామస్థులు ఏర్పరచిన సభలో చేసిన ప్రసంగము)



నేను పండితుడను గాను. మా తండ్రిగారు మన గ్రామమునకు పట్వారీగా నుండిరి. 1984లో ఆ యుద్యోగములు రద్దైనప్పుడు లెక్కల కట్టలన్నియు కచేరీకి చేరినవి. నాకు మిగిలినవి రెండే: ఆయన నేర్పిన దస్తూరి యొకటి, ఆయన అటకపై దాచిన రామాయణ భారతములు రెండవది. ఆ దస్తూరితో సహకార సంఘమున లెక్కలు వ్రాసికొని బ్రదుకుచున్నాను. ఆ గ్రంథములను గురువు లేకయే, నిఘంటువు ప్రక్కన బెట్టుకొని, రాత్రులందు చదువుకొంటిని. కావున నా మాటలలో ఒకవైపు పద్దులును, ఒకవైపు పురాణములును దొరలుచుండును. మన్నింపుడు.

పరదేశములకు పోయి పేదలకు ఇండ్లు కట్టుటలో తోడ్పడు స్వచ్ఛంద సేవను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఊరు దాటి యెఱుగని లెక్కలవానికి ఈ విషయమేల అని మీకు తోచవచ్చును. దీనికి కారణమైన తగవు మన గ్రంథాలయపు అరుగు మీదనే జరిగినది. తీర్పు చెప్పవలసినవాడను నేనే అయితిని. ఆ తీర్పులో నేను తప్పితిని. ఆ తప్పును మీ యెదుట ఒప్పుకొనుటకే నేడు లేచి నిలిచితిని.

మనము కూర్చున్న యీ పేట పేరే నా విషయమునకు పీఠిక. కుతుబ్‌షాహీ వంశపు ఖైరున్నీసా బేగము పేరిట ఈ ఖైరతాబాదు వెలసినదందురు. ఆమె కట్టించిన మసీదు నేటికిని ఇచ్చట నిలిచియున్నది. ‘ఖైరు’ అనగా మేలు. ‘ఖైరాతు’ అనగా దానము. రెండును ఒకే ధాతువు నుండి పుట్టినవే. అయినను ఖైరాతులో ఇచ్చువాని చేయి పైనను, పుచ్చుకొనువాని చేయి క్రిందను ఉండును. ఇంకొక విధమైన మేలు కలదు. అందు ఇరువురును ఒకే తట్టను చెరియొక అంచున పట్టుకొని యెత్తుదురు. ఇల్లు కట్టియిచ్చుట ఈ రెంటిలో ఏది కావలెను? ఇదియే ప్రశ్న.

ఇక తగవు సంగతి. 2015 ఏప్రిల్ 25వ తేదీన నేపాళమున గొప్ప భూకంపము సంభవించెను. సుమారు 9,000 మంది మరణించిరి. దాదాపు 5 లక్షల ఇండ్లు నేలమట్టమైనవి. రెండేండ్లు కావచ్చుచుండగా, 2017 మార్చి నెలలో, మన గ్రామపు యువకుడొకడు, ఈ ఖైరతాబాదులోనే గది అద్దెకు దీసికొని ఉద్యోగము చేసికొనుచుండినవాడు, ఒక సేవాసంఘముతో నేపాళమునకు పోయి అచ్చటి కొండపల్లెలో ఇండ్లు కట్టుటకు సాయపడెదనని ఇంటికి వచ్చి చెప్పెను. తండ్రి మండిపడెను. “మన వాడలో గోడ కూలిన యిండ్లు మూడున్నవి. అవి వీని కంటికి కనబడవు గాని, కొండల కవతలి యిండ్లు కనబడినవా?” అని గ్రంథాలయపు అరుగు మీద పదిమంది వినునట్లు అడిగెను. నా వైపు తిరిగి, “నీవే పద్దు వేసి చెప్పన్నా! ఇది పుణ్యమో, పిచ్చియో!” అనెను.

నేను కాగితము తీసితిని. రైలు ఖర్చు, బస్సు ఖర్చు, భోజనము, సంఘమునకు చెల్లింపవలసిన చందా, సెలవు దినములకు పోవు జీతము, అన్నియు కలిపి 36,000 రూపాయలు తేలెను. ఆనాడు మన యూరిలో తాపీ మేస్త్రీ కూలి దినమునకు 600 రూపాయలు. అనగా ఆ సొమ్ముతో మేస్త్రీ చేత 60 దినములు పని చేయింపవచ్చును. కుఱ్ఱవాడు అచ్చట పని చేయునది 12 దినములు. ఎన్నడును తాపీ పట్టని చేతులు. అతని 12 దినములును మేస్త్రీకి 4 దినములతో సమానమనుకొందము. తక్కిన 56 దినములును నష్టము. ఇట్లు చదివి వినిపించితిని. తండ్రి తొడ చఱచెను. కుఱ్ఱవాడు తల వంచుకొని, “పెదనాన్నా, మీ లెక్క తప్పదు. మానుకొందును” అని వెడలిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పదియేండ్లకు పూర్వము నేను వ్రాసిన మఱియొక లెక్క మనస్సున మెదలెను.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వఱద పెద్దలకు జ్ఞాపకముండును. భద్రాచలము కడ నీటిమట్టము 75 అడుగులు దాటెను. ఒడ్డునున్న పల్లెలలో మట్టిగోడలు పేలాలవలె కరగిపోయినవి. మరుసటి యేడు అట్టి యొక పల్లెలో ఒక సేవాసంఘమువారు 30 ఇండ్లు కట్టబూనిరి. నాకప్పుడు పందొమ్మిదేండ్లు. నెలజీతమునకు లెక్కలు వ్రాయుటకు కుదిరితిని. సముద్రముల కవతలి నుండి 8 మంది యువతీయువకులు వచ్చి 20 దినములు పని చేసిరి. ఇటుకలు మోసిరి, ఇసుక జల్లించిరి. అరచేతులు బొబ్బలెక్కినను గుడ్డలు చుట్టుకొని మరల తట్ట యెత్తిరి. మా మేస్త్రీలు మొదట నవ్విరి. తరువాత వారికి తాపీ పట్టుట నేర్పిరి.

పని ముగిసిన దినమున సభ జరిగెను. నేను లెక్క చదివితిని. ఇంత ధనము వచ్చినది, ఇన్ని సిమెంటు బస్తాలు, ఇన్ని వేల ఇటుకలు, ఇన్ని పెంకులు. విదేశీయుల శ్రమ, 8 మందికి 20 దినముల చొప్పున, 160 దినములు. సభలో చప్పట్లు మ్రోగినవి. అప్పుడు వెనుకవరుస నుండి ఒక ముసలమ్మ లేచి, “నా నీళ్ళు రాసినవా, బిడ్డా?” అని అడిగెను.

కొత్తగా కట్టిన గోడకు దినదినమును నీరు పట్టనిచో అది గట్టిపడదని మీకు తెలియును. ఆమె తన యింటి గోడలకే గాక, ఇరుగుపొరుగున చంటిబిడ్డలున్న తల్లుల యింటి గోడలకును ఏటి నుండి నీరు మోసి తడిపినది. నేను పుస్తకము మూసి, “అవ్వా! నీ యిల్లు నీవు కట్టుకొంటివి. దానికి లెక్కయేమి?” అంటిని. ఆమె నన్ను నిదానముగా చూచి, “అట్లయితే ఇల్లు నాదా, వాళ్ళదా?” అనెను.

సభలో ఎవ్వరును మాటలాడలేదు. పుస్తకముపై అప్పటికే పెద్దల సంతకములైనవి. నేను వ్రాయలేదు. వ్రాయుమని ఎవరును చెప్పలేదు. నా తండ్రి నాకు నేర్పిన మొదటి పాఠము, వచ్చినదానిని వచ్చినట్లు వ్రాయుమనుట. ఆ పాఠము తప్పితిని.

సోదరులారా! ఆ రాత్రి నాకు తెలిసినదేమనగా, కుఱ్ఱవానికి నేను వేసిన లెక్కయు అట్టిదే. పోవువాడు ఎంత తీసికొనిపోవుచున్నాడు, ఎంత పని చేయగలడు అని లెక్కించితిని. ఆ యింట కాపురముండబోవు మనిషిని లెక్కలోనికి తీసికొననే లేదు. ఆమె ఎవరు? ఆమె పాలు ఎంత? ఆమె మాటకు ఆ పనిలో చోటున్నదా? ఈ ప్రశ్నలకు బదులు దొరకిన పిమ్మటనే పోవచ్చునో, పోరాదో తేలును.

మరునాడు గ్రంథాలయము తలుపు తీయించి, ఈ సేవ పుట్టుపూర్వోత్తరములను వెదకితిని. మన గ్రంథాలయము వంటిది లేకున్నచో నావంటివాడు ఈ సంగతులెట్లు తెలిసికొనగలడు?

మొదటి ప్రపంచ యుద్ధానంతరము, 1920లో, పియర్ సెరెసోల్ అను స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు, ఫ్రాన్సులో వెర్డూన్ యుద్ధభూమికి చేరువనున్న ఒక పాడుపల్లెకు పోయి, కొలదిమంది మిత్రులతో ఇండ్లు బాగుచేయనారంభించెను. ఆ మిత్రులలో జర్మనులును ఉండిరి. నిన్న ఆ దేశపు ఇండ్లను ఫిరంగులతో కూల్చిన జాతివారు నేడు పారలు పట్టి నిలిచిరన్నమాట. ఆయన మన దేశమునకును వచ్చెను. 1934 జనవరి 15న బిహారులో భూకంపము వచ్చినప్పుడు బాబూ రాజేంద్రప్రసాదుగారు సహాయకార్యమునకు నాయకులుగా నుండిరి. సెరెసోల్ ఆ యేడే వచ్చి, ముంపునకు గుఱియగు పల్లెలను మెట్టనేలకు మార్చి కట్టు పనిలో, కొలదిమంది తోడివారితో, గ్రామస్థుల ప్రక్కన నిలిచి మట్టి తవ్వెను. యజమానివలె గుఱ్ఱమెక్కి వచ్చు తెల్లవారిని చూచిన కన్నులకు, గంప మోయు తెల్లవాడు కొత్త.

మన తెలుగునాటను ఇట్టివి లేకపోలేదు. 1969 తుపాను పిమ్మట మైకేల్ విండే అను బెల్జియం దేశపు క్రైస్తవ సన్యాసి గుంటూరు ప్రాంతమున గ్రామ పునర్నిర్మాణమునకు ఒక సంస్థను నెలకొల్పెను. 1977 నవంబరు 19న దివిసీమపై సముద్రము విఱుచుకొనిపడి వేలకొలది ప్రాణములు తీసినప్పుడు, ఇండ్లు మరల లేపుటకు దేశదేశముల నుండి సాయము వచ్చినది.

అమెరికాలో మిలర్డ్ ఫుల్లర్ అను కోటీశ్వరుడైన న్యాయవాది తన సంపదను విడిచి, 1973లో భార్యతో ఆఫ్రికాలోని జైరు దేశమునకు, అనగా నేటి కాంగోకు పోయి, మూడేండ్లు పేదలకు ఇండ్లు కట్టి వచ్చెను. 1976లో ఆ దంపతులు ‘హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ’ అను సంస్థను స్థాపించిరి. వారి పద్ధతి లెక్కలవానిగా నాకు మిక్కిలి నచ్చినది. ఇల్లు ఉచితముగా ఇయ్యరు. లాభము వేయరు; తొలినాళ్ళలో వడ్డీయు పుచ్చుకొనెడివారు కారు. అసలును కొంచెము కొంచెముగా వాయిదాలలో పుచ్చుకొందురు. ఆ సొమ్ము మఱియొక పేదయింటికి పునాదియగును. ఆ కుటుంబమువారు తమ యింటికిని, తోడివారి యిండ్లకును నిర్ణయించినన్ని గంటలు తామే పని చేయవలెను. దానిని చెమటతో చెల్లించు పాలు అందురు. ఇది చదివినప్పుడు నా కన్నులు చెమర్చినవి. అవ్వ నీళ్ళకు వారి పుస్తకములో గడి యున్నది!

ఆ సంస్థ మన దేశమున తొలుత అడుగుపెట్టినది ఎచ్చటనో తెలియునా? 1983లో, మన ఖమ్మమున. నేను ఏటియొడ్డున లెక్క వ్రాయుటకు నాలుగేండ్లు ముందుగా మన జిల్లాలోనే ఆ పద్ధతి మొలకెత్తినది. నేను ఎఱుగనైతిని. అప్పటికి మన యూరికి గ్రంథాలయము లేదు!

2006లో మహారాష్ట్రలో లోనావాలా సమీపమునందలి మాలవ్లి పల్లెలో, ఒక వారము దినములలో 100 ఇండ్లు లేపుటకు పలుదేశముల స్వచ్ఛందసేవకులు కూడిరి. వారిలో 82 ఏండ్ల వృద్ధుడొకడు సుత్తి పట్టి పని చేసెను. ఆయన అమెరికా రాష్ట్రపతిగా ఉండిన జిమ్మీ కార్టర్. అంతకు నలువదియేండ్ల ముందు, 1966లో, ఆయన తల్లి లిలియన్ తన 68వ యేట బొంబాయి చెంత విక్రోలికి వచ్చి రోగుల సేవ చేసియుండెను. ఆ తల్లి కొడుకు 2024 డిసెంబరులో, నిండు నూఱేండ్లు జీవించి, కన్నుమూసెను.

అయితే పరదేశము నుండి వచ్చినదెల్ల మేలే అనుట సత్యము గాదు. ముంపుపల్లెలలో పొయ్యికి చోటు లేని యిండ్లను నేను చూచితిని. గొడ్డును కట్టుటకు చూరు లేదు. వేసవిలో లోపల నిలువ శక్యము గాదు. కట్టినవారు మంచివారే. కాని అడుగలేదు. కొన్నాళ్ళకు ఆ యింటిలో మేకలను కట్టి, ఇంటివారు ముందఱ పాక వేసికొనిరి. ఛాయాచిత్రములు తీయించుకొనుటకే తట్ట యెత్తువారును ఉందురు. వచ్చినవారు ఉచితముగా చేయుటచే ఆ యూరి మేస్త్రీకి కూలి పోవుటయు కలదు. నా 56 దినముల నష్టపు లెక్కలో ఈ మేరకు సత్యమున్నది, దానిని కొట్టివేయను.

ఇచ్చట నా పురాణములు నాకు తోడ్పడినవి. ఒరులకై కట్టిన ఇండ్లు మన గ్రంథములలో మూడు విధములుగా కనబడును. మొదటిది వారణావతమునందలి లక్కయిల్లు. పాండవులకు తెలియకుండ, వారి నడుగక, వారికై కట్టినది. పైకి ఆదరము, లోపల అగ్ని. రెండవది మయసభ. ఖాండవదహనమున తన ప్రాణము గాచిన ఋణము తీర్చుకొనుటకు మయుడు 14 మాసములు శ్రమించి కట్టెను. కృతజ్ఞత మంచిదే, కాని కట్టువాని నేర్పు మెఱయుటకే కట్టిన భవనమది. నేల యేదో, నీరేదో తెలియక దుర్యోధనుడు భ్రమపడెను. ఆ సభయే తుదకు అసూయకు విత్తనమాయెను.

మూడవది పంచవటిలోని పర్ణశాల. స్థలము నీవే చూడుమని రాముడనగా, లక్ష్మణుడు చేతులు జోడించి, నేను మీకు లోబడినవాడను గావున మీరే చూపుడనెను. చూపిన చోటనే మట్టి త్రవ్వి, గోడ లేపి, వెదురు కట్టి, ఆకు కప్పెను. రాముడు తన కడ ఇచ్చుట కేమియు లేకపోగా అతనిని కౌగిలించుకొనెను. కట్టినవాడు ఉండువాని నడిగెను. ఉండువాడు కట్టినవానిని అక్కున జేర్చుకొనెను. దానమను మాటయే అచ్చట రాలేదు.

పరదేశమునకు పోవు మన పిల్లలు ఏ యిల్లు కట్టబోవుచున్నారో చూచుకొనవలెను. నాకు తోచిన నియమములు నాలుగు. ఒకటి, ఇంటివారిని అడిగియే పని మొదలిడవలెను; పొయ్యి యెక్కడ, గడప యేవైపు అనునది వారి మాట. రెండు, ఆ యూరి మేస్త్రీయే గురువు. అతని కూలి అతనికి ముట్టవలెను, వచ్చినవాడు అతనికి చేదోడు మాత్రమే. మూడు, పోవువాని దారిఖర్చు వాని సొంత సొమ్ము కావలెను; బాధితుల నిధి నుండి పైసయైనను తీయరాదు. నాలుగు, తిరిగివచ్చినవాడు సొంత యూరిలోని కూలిన గోడను చూడవలెను. ఈ నాల్గవది తండ్రి అడిగిన ప్రశ్నకు బదులు.

నేను ఆ కుఱ్ఱవానిని పిలిపించి, నా లెక్క తప్పని చెప్పితిని. ఈ నాలుగింటిని ఒక చీటిపై వ్రాసి యిచ్చితిని. అతడు ఆ సేవాసంఘమువారిని అడిగి, తృప్తిపడి, పోయెను. 12 దినములకు తిరిగివచ్చి తన చేతులు నాకు చూపెను. “పెదనాన్నా! నేను వాళ్ళకు నేర్పినది ఏమీ లేదు. ఆ యింటి ఆమె నాకు మట్టి కలుపుట నేర్పినది. మొదటి రెండు రోజులు నేను కలిపిన మట్టిని ఆమె మళ్ళీ కలిపినది” అని నవ్వెను. ఇరువదియైదేండ్లు వచ్చినను తన యింటి గోడ ఎట్లు నిలిచినదో అతనికి తెలియకుండెను. అది తెలిసికొనుటకు కొండలు దాటవలసివచ్చినది. సిగ్గు పడవలసినది అతడు గాదు. ఇంట నున్నప్పుడు నేర్పని మనము.

ఆ వేసవి సెలవులలో అతడు ఐదుగురు మిత్రులను దీసికొని ఊరికి వచ్చెను. కూలిన మూడిండ్లలో ఒకదాని గోడ లేచినది. ఆ యింటివారే ముందు నిలిచిరి. పూర్వము మనము నాట్లకును, కోతలకును ఒకరి పొలమునకొకరు బదులు పోవుచుండెడివారము గదా! అదే పద్ధతిని ఇంటిపనికి తెచ్చితిమి. మరుసటి యేడు మన గ్రంథాలయమునకు పిల్లల గది కట్టుకొంటిమి. ఆ గది లెక్కపుస్తకము నేడు కార్యదర్శిగారి బల్లపై నున్నది, చూడుడు. అందు ధనము గడి, సామగ్రి గడి మాత్రమే గాక ‘శ్రమ’ అను మూడవ గడి కలదు. ఎవరు ఎన్ని ఇటుకలు మోసిరో, ఎవరు గోడకు నీరు పట్టిరో, ఎవరు పనివారికి అంబలి తెచ్చిరో, బడిపిల్లలతో సహా పేరుపేరున వ్రాయబడినది. తాను నష్టమని చెప్పిన తండ్రి పేరును అందు గలదు, 9 దినములు.

మిగిలిన రెండిండ్లలో ఒకటి యజమానులే కట్టుకొనిరి. ఒకటి నేటికిని కూలియే యున్నది. రాబోవు సంక్రాంతికి మీరందఱును ఊరికి వత్తురు గదా! పిండివంటలు ముగిసిన మరునాడు ఆ యింటి ముందఱకు రండు. ఆ యింటి తల్లిని నేను అడిగితిని. పొయ్యి తూర్పున కావలెనన్నది. పోయిన యిటుకలను ఏరి ఇప్పటికే గుట్ట వేసినది. పుస్తకము నేను తెత్తును.

రజతోత్సవ సంచికలో ఈ ప్రసంగము అచ్చు వేయుదుమని కార్యదర్శిగారనిరి. అచ్చైనది చెఱుగదు గనుక, ముప్పదియెనిమిదేండ్లుగా నిలిచియున్న పద్దు ఒకటి ఇచ్చట వ్రాయుదును. ఆ యవ్వ 40 దినములు, దినమునకు 30 బిందెల చొప్పున నీరు మోసినది. ఆమె నేడు లేదు. ఇల్లున్నది.

గోదావరి యొడ్డున కట్టిన యింటి కింద, ఇంటి యజమానురాలు మోసిన నీరు: 1,200 బిందెలు. జమ.